తుపాకీ లైసెన్సు, తుపాకీ హక్కు: గుంటూరు, బెజవాడ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గుంటూరు బ్రాడీపేటలో ప్లీడరుని. నా దగ్గరికి వచ్చేవన్నీ భాగం పంపకాలు, ప్రోనోట్లు, చెక్ బౌన్సులు. చాలా ఏళ్ళ కిందట ఒక మిర్చి వ్యాపారి గన్ లైసెన్సు అప్పీలు చూశాను. ఓడిపోయాం. కానీ ఆ ఒక్క కేసుతో కోర్టు ఆవరణలో నాకు ‘తుపాకీ ప్లీడరు’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఎన్నికల కోడ్ వస్తే ఫోన్లు, అమెరికాలో కాల్పులని టీవీలో స్క్రోలింగ్ వస్తే ఫోన్లు. అడిగేవి ఎప్పుడూ అవే పదిపదిహేను ప్రశ్నలు కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెట్టాను.

మన దేశంలో తుపాకీ పెట్టుకోవడం పౌరుడి హక్కేనా?

కాదు. అది అనుమతి. రాజ్యాంగం 19వ అధికరణం సభలు పెట్టుకునే హక్కు ఇస్తూనే ‘శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా’ అని షరతు పెట్టింది. 2023 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక బెయిల్ కేసు వింటూ సుప్రీంకోర్టు కూడా ఈ మాటే అంది. అమెరికాలో లాగా ఇక్కడ ఆయుధం ప్రాథమిక హక్కు కాదని చెప్పి, లైసెన్సు లేని తుపాకుల సంగతిని తనంతట తానే విచారణకు తీసుకుంది.

అయితే ఈ ‘కాదు’ అన్న మాట అంత తేలిగ్గా పుట్టలేదు. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం తెచ్చారు. దేశంలో భారతీయుడికి లైసెన్సు కావాలి, యూరోపియన్‌కి అక్కర్లేదు. సొంత ఊళ్ళో మనవాడు ఈటె పట్టుకుంటే నేరం, దొర తుపాకీ పట్టుకుంటే షికారు. స్వాతంత్ర్యోద్యమ నాయకులకు ఆ చట్టం అంటే మంట పుట్టడంలో వింతేం లేదు. 1931లో కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానం చేసినప్పుడు, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు ప్రతి పౌరుడికీ ఉంటుందని అందులో రాసుకున్నారు.

తర్వాత 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ అదే హక్కును రాజ్యాంగంలో చేర్చమని సవరణ పెట్టారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు, సవరణ వీగిపోయింది. పదిహేడేళ్ళలో ఏం మారింది? నాకు తోచింది చెబుతాను. 1947లో విభజన నెత్తురు పారింది. 1948 జనవరి 30న గాంధీగారిని పిస్తోలుతో కాల్చి చంపారు. ఆ ఏడు సెప్టెంబరు దాకా రజాకార్లకు భయపడి నిజాం రాజ్యం నుంచి జనం బెజవాడ దాకా పారిపోయి వచ్చారు. సభలో కూర్చున్నవాళ్ళ కళ్ళ ముందు ఇవేవీ లేవంటే నేను నమ్మను.

ఇప్పుడు నడుస్తున్నది 1959 నాటి ఆయుధాల చట్టం. 1962 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. దాని కింద 2016లో కొత్త నిబంధనలు వచ్చాయి, 2019లో చట్టానికి పెద్ద సవరణ జరిగింది.

గాంధీగారే జనం దగ్గర ఆయుధాలు లాక్కోవడాన్ని తిట్టారంటారు, నిజమేనా?

నిజమే. బ్రిటిషు వాళ్ళు చేసిన చెడ్డ పనుల్లో జాతినంతా నిరాయుధం చేసిన చట్టం అన్నిటికంటే నల్లనిది అన్న అర్థంలో రాశారు. వాట్సాప్‌లో ఆ ఒక్క వాక్యమే తిరుగుతుంది, సందర్భం తిరగదు. అది 1918లో, గుజరాత్ ఖేడా జిల్లాలో మొదటి ప్రపంచ యుద్ధానికి సైన్యంలో చేరమని యువకులను పిలిచినప్పటి కరపత్రం. సైన్యంలో చేరితే ఆయుధవిద్య వస్తుంది, ఆ చట్టం పోతుంది అన్నది అక్కడి వాదన. ఇంట్లో బీరువాలో రివాల్వర్ పెట్టుకోవడం గురించి కాదు.

లైసెన్సు ఎవరిస్తారు? గుంటూరులో ఒకరు, విజయవాడలో ఇంకొకరట కదా?

అవును. ప్రకాశం బ్యారేజీ దాటితే అధికారి మారిపోతాడు. గుంటూరు జిల్లాలో ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టరు. పోలీసు కమిషనర్ ఉన్న ప్రాంతంలో కమిషనరే జిల్లా మేజిస్ట్రేట్ అని చట్టమే చెబుతుంది కాబట్టి విజయవాడ వాళ్ళు పోలీసు కమిషనర్‌కి పెట్టుకోవాలి. తాడేపల్లిలో కాపురం ఉంటూ గవర్నర్‌పేటలో షాపు నడిపేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. మామూలుగా మీరు నివాసం ఉంటున్న చోటి అధికారికే అర్జీ పెట్టుకోవాలి. తాడేపల్లి గుంటూరు జిల్లా.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక నరసరావుపేట వాళ్ళది పల్నాడు, బాపట్ల వాళ్ళది బాపట్ల. పాత లైసెన్సు మీద గుంటూరు అని ఉన్నా, రెన్యువల్‌కి వెళ్ళే ముందు మీ ఫైలు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో కనుక్కోండి.

ఏమేం కావాలి?

21 ఏళ్ళు నిండి ఉండాలి. ఏ-1 ఫారం, నివాసం, గుర్తింపు, ఫోటోలు, శారీరకంగా మానసికంగా ఆరోగ్యంగా ఉన్నారని డాక్టరు సర్టిఫికెట్, తుపాకీ వాడకంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్, ఇంట్లో భద్రంగా తాళం వేసి పెట్టే ఏర్పాటు ఉందన్న రుజువు. ఆ తర్వాత మీ స్టేషన్ నుంచి పోలీసు రిపోర్టు. లైసెన్సు వచ్చాక జాతీయ డేటాబేస్‌లో మీకో ప్రత్యేక నంబరు పడుతుంది. ఆ నంబరు లేని పాత పుస్తకం చెల్లదు. లైసెన్సు గడువు ఇదివరకు 3 ఏళ్ళు, 2019 సవరణతో 5 ఏళ్ళయింది.

ఎన్‌సీసీలో పాయింట్ 22 రైఫిల్ కాల్చాను, అది శిక్షణ కిందికి రాదా అని ఒక కుర్రాడు అడిగాడు. ఆ సర్టిఫికెట్ జత చేయడంలో తప్పులేదు గానీ, దాన్నే నమ్ముకుని కూర్చోవద్దని చెప్పాను.

కాగితాలన్నీ ఇచ్చినా ఇవ్వరట. అసలు ఎవరికి ఇస్తారు?

ఈ పేజీలో నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది ఈ ప్రశ్న గురించే.

చట్టం పుస్తకంలో చూస్తే అంత కఠినంగా ఉండదు. 13వ సెక్షన్ ప్రకారం, ఆత్మరక్షణకో క్రీడకో 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి బోరు తుపాకీ (గొట్టం లోపల గాడులు లేనిది) అడిగితే, పంట కాపలాకి నిజంగా అవసరమై మందు కూరే తుపాకీ అడిగితే, కాదనడానికి చట్టంలో ఉన్న కారణాలు లేనప్పుడు ఇవ్వాలి. రివాల్వర్, పిస్తోలు లాంటి వాటికైతే ‘తగిన కారణం’ ఉందని అధికారికి నమ్మకం కలగాలి. ఆ నమ్మకం కలగడంలోనే ఉంది తిరకాసంతా.

మా మిర్చి వ్యాపారి సంగతే చూడండి. సీజన్‌లో యార్డు నుంచి రాత్రి పది దాటాక నగదు సంచితో ఇంటికి పోయేవాడు. రెండుసార్లు బండి మీద ఎవరో వెంబడించారు. రివాల్వర్‌కి అర్జీ పెట్టాడు. ఏడాది తిరిగాక ఒక్క ముక్క జవాబు: సిఫార్సు చేయడమైనది కాదు. ఎవరు చేయలేదు, ఎందుకు చేయలేదు, ఏమీ లేదు. అదే రోజుల్లో ఆయన వీధిలోనే ఒక పెద్దమనిషికి రివాల్వర్ వచ్చింది. ఆయనకి వెంబడించేవాళ్ళు లేరు, వెంట తిరిగేవాళ్ళు ఉన్నారు. మా వ్యాపారికి కోపం వచ్చింది లైసెన్సు రానందుకు కాదు, ఆ రెండో లైసెన్సు చూసి.

14వ సెక్షన్‌లో చాలామందికి తెలియని వాక్యం ఒకటుంది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదు. అంటే పేదవాడి ప్రాణం కూడా ప్రాణమేనని 1959లోనే రాసుకున్నారు. కానీ అర్జీ పెట్టే మనిషి స్టేషన్‌కి వెళ్తే మొదట అడిగేది ‘మీకు ఏముంది, ఎంతుంది’ అనే. ఆస్తి ఎక్కువుంటే భయం ఎక్కువుంటుందన్నది లెక్క. కూలి చేసుకునే మనిషికి ఊళ్ళో ప్రాణభయం ఉంటే ఆ కాగితం మీద రాయడానికి గడి ఉండదు.

నా అభిప్రాయం దాచుకోను. తుపాకులు తక్కువ ఉండాలన్నదే నా మాట, లైసెన్సు కష్టంగా దొరకడమే మంచిది. కానీ ఆ కష్టం అందరికీ ఒకేలా ఉండాలి. అమెరికా వాళ్ళు ‘ప్రభుత్వం నా తుపాకీ తీసుకోవచ్చా’ అని కొట్లాడుకుంటారు. ఆ వాదనను యథాతథంగా తెచ్చి ఇక్కడ పెడితే అతకదు. మన దగ్గర అడగాల్సింది ‘ఆ సంతకం ఎవరికి పడుతోంది, దేన్ని చూసి పడుతోంది’ అని.

నిరాకరిస్తే ఏం చేయాలి?

కారణాలు రాతపూర్వకంగా అడగండి. అడిగితే క్లుప్తంగా ఇవ్వాలి. ప్రజాహితం దృష్ట్యా ఇవ్వలేమని అనే వీలు కూడా అధికారికి ఉంది. 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. అదీ పోతే హైకోర్టులో రిట్. కోర్టు మీకు తుపాకీ ఇప్పించదు, కారణం లేని ఉత్తర్వును కొట్టేసి మళ్ళీ చూడమని వెనక్కి పంపుతుంది. దానికే ఏడాదో రెండేళ్ళో పడుతుంది. మా వ్యాపారి అప్పీలు ఓడిపోయాక హైకోర్టుకి పోదామన్నాను. ‘ఇప్పుడు డబ్బంతా ఖాతాలోకే పడుతోంది లెండి, సంచీ లేదు, భయమూ లేదు’ అని నవ్వేసి వెళ్ళిపోయాడు.

ఏ తుపాకీ కొనొచ్చు? 9 ఎంఎం పిస్తోలు దొరుకుతుందా?

దొరకదు. బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు. 9 ఎంఎం, పాయింట్ 303 లాంటివి నిషిద్ధ బోరు, సైన్యం పోలీసులు వాడేవి. వాటికి అనుమతి కేంద్ర హోంశాఖ ఇవ్వాలి, అదీ చాలా అరుదు. మామూలు జనానికి దొరికేవి పాయింట్ 32 రివాల్వర్ లేదా పిస్తోలు, పాయింట్ 22, పాయింట్ 315 రైఫిల్, 12 బోరు తుపాకీ. బ్యాంకు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చునే రిటైర్డ్ సిపాయి చేతిలో డబుల్ బ్యారెల్ చూస్తారు కదా, అదే 12 బోరు. విదేశీ తుపాకుల దిగుమతి మామూలు పౌరులకు 1980ల నుంచి ఆగిపోయింది. షూటింగ్ క్రీడాకారులకు వేరే నియమాలున్నాయి.

ఒక మనిషికి ఇదివరకు 3 తుపాకులు. 2019 సవరణ బిల్లు వచ్చినప్పుడు 1కి తగ్గిస్తామన్నారు, అభ్యంతరాలు వచ్చాక 2 దగ్గర ఆగారు.

చేతిలో లైసెన్సు తుపాకీ ఉంటే ఇంట్లో పడ్డ దొంగని కాల్చొచ్చా?

లైసెన్సు ఇచ్చేది తుపాకీ ఉంచుకోవడానికి, కాల్చడానికి కాదు. కాల్చడం సబబా కాదా అన్నది వేరే చట్టం తేలుస్తుంది. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు. పాత ఐపీసీలో 96 నుంచి 106. ప్రాణం తీసేదాకా వెళ్ళే ఆత్మరక్షణ హక్కు కొన్ని సందర్భాల్లోనే ఉంటుంది: చంపుతాడన్న, తీవ్రంగా గాయపరుస్తాడన్న సహేతుకమైన భయం, అత్యాచారం, అపహరణ ప్రయత్నం, దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత ఇంటికి కన్నం వేయడం వంటివి. ఆ సందర్భంలో కూడా అవసరానికి మించి హాని చేయకూడదు. గోడ దూకి పారిపోతున్న దొంగ వీపు మీద కాలిస్తే మీరు ముద్దాయి.

చట్టం సంగతి అలా ఉంచండి. నిబంధన ప్రకారం తుపాకీ తాళం వేసి ఉండాలి. అర్ధరాత్రి కరెంటు లేదు, దొంగ హాల్లో ఉన్నాడు, తాళంచెవి మీ ఆవిడ పర్సులో ఉంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే తాళం వేయకుండా పెట్టలేరు. తాళం వేస్తే వేళకి చేతికి రాదు. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు, లైసెన్సున్న ఒక రైసుమిల్లు యజమాని చెప్పుకుని నవ్వుకున్న విషయం. ఆయన ఇంట్లో దొంగలు పడ్డప్పుడు దొంగలకి దొరికింది ఆయన వెండి పళ్ళేలు, ఆయనకి దొరకనిది తుపాకీ తాళం.

ఎన్నికలు రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో పెట్టమంటారు. నేనేం నేరం చేశాను?

చాలామందికి ఇది అవమానంగా తోస్తుంది. ఎన్నికల సంఘం ఆదేశాల ప్రకారం ప్రతి జిల్లాలో ఒక స్క్రీనింగ్ కమిటీ లైసెన్సుల జాబితా చూస్తుంది. బెయిలు మీద ఉన్నవాళ్ళు, నేరచరిత్ర ఉన్నవాళ్ళు, ఎన్నికల గొడవల్లో ఇదివరకు పేరు పడ్డవాళ్ళు, వీళ్ళ ఆయుధాలు తప్పక పెట్టించాలి. ఆచరణలో మన జిల్లాల్లో దాదాపు అందరికీ కబురు వస్తుంది. 2024 మే 13న పోలింగు, ఆ తర్వాత పల్నాడులో మాచర్ల వైపు జరిగింది చూసినవాళ్ళకి ఈ జాగ్రత్త ఎక్కువనిపించదు. బ్యాంకు గార్డుల్లాంటి వాళ్ళు, నిజంగా ప్రాణహాని ఉన్నవాళ్ళు మినహాయింపు అడగొచ్చు.

పెట్టినప్పుడు రసీదు తీసుకోండి. తుపాకీ నంబరు, తూటాల సంఖ్య, గొట్టం స్థితి రాయించుకోండి. ఎందుకు చెబుతున్నానో చివరి ప్రశ్నలో తెలుస్తుంది.

మన వైపు హత్యలకి వాడేది కత్తులూ నాటు బాంబులూ. మరి తుపాకుల చట్టం వల్ల ఒరిగేదేంటి?

మంచి ప్రశ్న, తుపాకీ హక్కు కావాలనేవాళ్ళు మొదట అడిగేది ఇదే. బెజవాడ చరిత్రలో అందరికీ గుర్తున్న హత్య వంగవీటి మోహనరంగాది, 1988 డిసెంబరు 26న, నడిరోడ్డు మీద నిరాహారదీక్షలో ఉండగా. ఆ తర్వాత ఊరు తగలబడింది, కర్ఫ్యూ పెట్టారు. అది కూడా తుపాకీతో జరిగినది కాదు. పల్నాడు ఊళ్ళ తగాదాల్లో వేటకొడవళ్ళు, గొడ్డళ్ళు, సీమలో నాటు బాంబులు. తుపాకీ వినిపించిన సందర్భాలూ లేకపోలేదు: 2005 జనవరిలో అనంతపురంలో పరిటాల రవిని కాల్చే చంపారు.

దేశం మొత్తం మీద తుపాకీ హత్యల్లో చాలా ఎక్కువ భాగం లైసెన్సు లేని తుపాకులతోనే జరుగుతాయని జాతీయ నేర గణాంకాలు ఏటా చూపిస్తాయి. కాబట్టి ‘చట్టం పాటించేవాడి చేతిలోది లాక్కుని రౌడీ చేతిలోది వదిలేస్తున్నారు’ అన్న మాటలో కొంత నిజం ఉంది. కానీ అక్కడితో ఆగకూడదు. 2016 ఆఖరుకి దేశంలో 33.69 లక్షల లైసెన్సులుంటే అందులో 12.77 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌వే. నాటు పిస్తోళ్ళ వ్యాపారానికి పేరుమోసినదీ ఆ వైపే. లైసెన్సులు విరివిగా ఇస్తే దొంగ తుపాకులు తగ్గాలి కదా? తగ్గలేదు. తుపాకీ మగతనానికి గుర్తు అనుకునే చోట రెండూ కలిసే పెరిగాయి.

మన దగ్గర కత్తితో జరిగిన గొడవల్లో పదిమంది గాయపడి ఇద్దరు చనిపోతే, అదే గొడవ తుపాకీతో అయితే లెక్క తిరగబడుతుంది. సత్తెనపల్లి వైపు ఊళ్ళ కొట్లాట కేసులు కొన్ని చూసినవాడిగా చెబుతున్నాను. ఆ ఛార్జిషీట్లలో ‘గాయపడిన సాక్షి’ అని ఉన్నవాళ్ళంతా బతికున్నది అవతలివాడి చేతిలో ఉన్నది కర్ర కాబట్టి.

2019 సవరణతో లైసెన్సు లేని తుపాకీ ఉంచుకుంటే శిక్ష కనీసం 2 ఏళ్ళు, 5 ఏళ్ళ దాకా. ఇదివరకు 1 నుంచి 3. పెళ్ళిళ్ళలో సరదాగా గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే 2 ఏళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

బర్త్‌డేకి పెద్ద కత్తితో కేక్ కోసి వీడియో పెడితే కేసు పెడతారా?

పెడుతున్నారు. 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న అలుగు, ఇంటి పనికో పొలం పనికో చేతివృత్తికో కానిదైతే, నిబంధనల్లో అది ఆయుధమే. పుచ్చకాయలు కోసే కత్తి అని వాదించిన కుర్రాడి కత్తికి డ్రాగన్ బొమ్మ పిడి ఉంది.

ఎయిర్ గన్‌కి లైసెన్సు కావాలా?

పాయింట్ 177 బోరు, 20 జౌళ్ళ లోపు శక్తి అయితే అక్కర్లేదు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. పిల్లలకి నేర్పించండి, కానీ దాంతో పిట్టల్ని కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద ఇరుక్కుంటారు.

అమెరికాలో అంతమంది పిల్లలు చనిపోతున్నా తుపాకులు ఎందుకు ఆపలేరు?

గుంటూరులో ఇది పరాయి దేశం సంగతి కాదు. ప్రతి వీధిలో ఒకరి కొడుకో కూతురో అక్కడ ఉన్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లో ఒక తెలుగు ఇంజనీరును బార్‌లో కాల్చి చంపారు. 2023 మే 6న టెక్సాస్ అలెన్‌లో షాపింగ్ మాల్ దగ్గర చనిపోయిన 8 మందిలో ఒక తెలుగమ్మాయి ఉంది. ఆ రాత్రి ఇక్కడ ఎన్ని ఇళ్ళలో నిద్రపోలేదో నాకు తెలుసు.

వాళ్ళకి తుపాకీ రాజ్యాంగంలోనే ఉంది. 1791లో చేర్చిన రెండో సవరణ. అది మిలీషియా, అంటే ప్రజాసైన్యం కోసమా, లేక ప్రతి మనిషికీ విడిగా ఉన్న హక్కా అని రెండు వందల ఏళ్ళు వాదించుకున్నారు. 2008లో హెల్లర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు 5-4తో అది వ్యక్తి హక్కే, ఇంట్లో ఆత్మరక్షణకు ఉంచుకోవచ్చు అంది. 2022 జూన్‌లో బ్రూయెన్ కేసులో 6-3తో ఇంకో అడుగు వేసి, బయట వెంట తీసుకెళ్ళడం కూడా హక్కే అంది. ఆ కేసులో కొట్టేసిన న్యూయార్క్ చట్టం ఏం అడిగేదో తెలుసా? ‘మీకు ప్రత్యేకమైన అవసరం ఏంటో చూపండి’ అని. సరిగ్గా మన కలెక్టరు అడిగేది. అక్కడ రాజ్యాంగ విరుద్ధం, ఇక్కడ రోజువారీ పద్ధతి. 2024లో రహీమీ కేసులో మాత్రం 8-1తో, గృహహింస కేసులో కోర్టు ఉత్తర్వు ఉన్నవాడి దగ్గర తుపాకీ ఉండకూడదన్న చట్టాన్ని నిలబెట్టారు.

చట్టసభల వైపు చూస్తే 1993లో కొనేవాళ్ళ పూర్వచరిత్ర తనిఖీ, 1994 నుంచి పదేళ్ళు కొన్ని రకాల సెమీ ఆటోమేటిక్ తుపాకుల మీద నిషేధం. 2004లో ఆ గడువు తీరిపోయింది, పొడిగించలేదు. 2012లో శాండీహుక్ బడిలో 20 మంది పిల్లలు, 6గురు పెద్దలు చనిపోయినా కేంద్రంలో పెద్ద చట్టం రాలేదు. 2022లో యువాల్డిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయాక రెండు పార్టీలూ కలిసి ఒక చిన్న చట్టం చేశాయి: 21 ఏళ్ళ లోపు వాళ్ళ తనిఖీ ఇంకాస్త గట్టిగా, రాష్ట్రాలకు కొంత డబ్బు.

నాకు తెలిసిన ఒక రిటైర్డ్ లెక్చరర్ గారికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు న్యూజెర్సీ, చిన్నవాడు టెక్సాస్. సంక్రాంతికి వీడియో కాల్‌లో ఇద్దరికీ ఇదే గొడవ. ‘పోలీసు రావడానికి నలభై నిమిషాలు పడుతుంది నాన్నా, మా ఇల్లు ఊరికి దూరం’ అని చిన్నవాడు. ‘వీడి ఇంట్లో ఆరేళ్ళ పిల్ల ఉంది, అది బీరువా తెరవదని గ్యారంటీ ఏంటి’ అని పెద్దవాడు. ఇద్దరి మాటలోనూ పస ఉంది. అక్కడ ఇప్పటికే జనాభా కన్నా తుపాకులు ఎక్కువ. 2017లో ఒక అంతర్జాతీయ అంచనా ప్రకారం ప్రతి 100 మందికి 120. అవతలివాడి దగ్గర ఉందన్న భయమే నువ్వూ కొనడానికి కారణమవుతుంది.

ఇంకో లెక్క మన టీవీల్లో రాదు. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోతే, సగానికి పైగా ఆత్మహత్యలు. కాల్పుల వార్తల్లో కనిపించేవాళ్ళు కొద్దిమంది, తలుపు వేసుకుని పోయినవాళ్ళు ఎక్కువ. పల్నాడు పత్తి ఊళ్ళలో పెరిగిన నాకు ఇది వెంటనే అర్థమైంది. మన ఊళ్ళలో పురుగుమందు డబ్బా చేతికందే చోట ఉండటం ఎన్ని ప్రాణాలు తీసిందో చూశాం. క్షణికావేశంలో చేతికి ఏది అందుతుందన్నది చాలా పెద్ద విషయం.

మా అబ్బాయి అక్కడ హెచ్-1బీ మీద ఉన్నాడు. ఫ్రెండ్స్ తుపాకీ కొనమంటున్నారట.

వద్దని గట్టిగా చెప్పండి. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ, తూటాలు కలిగి ఉండటం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, వాటి జోలికి పోయే ముందు అక్కడి లాయరుని అడగాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు. 2021 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో పర్మిట్ లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకోవచ్చు అని ఫ్రెండ్స్ చెప్పింది నిజమే, కానీ అది చట్టప్రకారం తుపాకీ కలిగి ఉండే అర్హత ఉన్నవాళ్ళకి.

ఆస్ట్రేలియా లాగా అన్నీ తిరిగి కొనేస్తే?

1996 ఏప్రిల్ 28న పోర్ట్ ఆర్థర్‌లో ఒక్కడు 35 మందిని చంపాడు. వారాల్లోనే అన్ని రాష్ట్రాలూ ఒప్పందానికి వచ్చి, సుమారు 6.5 లక్షల తుపాకులు డబ్బిచ్చి వెనక్కి తీసుకుని నాశనం చేశాయి. వాళ్ళకి రెండో సవరణ లేదు. మన దగ్గర తిరిగి కొనాలంటే ముందు ఎన్ని ఉన్నాయో తెలియాలి, నాటు తుపాకీకి బిల్లు ఉండదు.

అస్సాంలో ప్రభుత్వమే లైసెన్సులు ఇస్తానంటోంది, మనకీ ఇవ్వొచ్చుగా?

2025 మేలో అస్సాం మంత్రివర్గం సరిహద్దు, సున్నిత ప్రాంతాల్లోని స్థానికులకు లైసెన్సులు ఇచ్చే నిర్ణయం తీసుకుంది. రక్షణ లేని చోట జనం తమను తాము కాపాడుకోవాలి అన్నది వాళ్ళ మాట. పొరుగువాణ్ణి చూసి తుపాకీ కొనమని ప్రభుత్వమే చెప్పడం ఏంటని విమర్శకులు. నేను విమర్శకుల వైపు. పౌరుల చేతికి తుపాకీ ఇచ్చి పోలీసు పని చేయించడం తప్పని 2011 జులైలో ఛత్తీస్‌గఢ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ తుపాకులు పట్టిన కుర్రాళ్ళకి భయపడి జనం అప్పట్లో మన రాష్ట్రంలోనే ఉన్న ఖమ్మం వైపు అడవుల్లోకి వచ్చారు. ఆ సంగతి మనం మర్చిపోకూడదు.

తుపాకీ బదులు గన్‌మెన్ దొరుకుతారా?

నవ్వు రాకుండా జవాబు చెప్పలేని ప్రశ్న. మన వైపు హోదా కొలిచేది ‘వన్ ప్లస్ వన్నా, టూ ప్లస్ టూనా’ అని. ప్రభుత్వం మారిన వారంలో ఎవరి గన్‌మెన్ పోయారో, ఎవరికి వచ్చారో చూస్తే ప్రాణహాని ఎవరి నుంచి ఎవరికి మారిందో తెలిసిపోతుంది. మామూలు మనిషికి దొరకరు. నిజంగా ప్రాణభయం ఉంటే స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి, దాని నకలు దాచుకోండి. రేపు లైసెన్సుకి వెళ్ళినా మొదట పనికొచ్చేది ఆ కాగితమే.

మా తాతగారి తుపాకీ ఇంట్లో ఉంది. ఆయన పోయారు. ఏం చేయాలి?

ముందు, ఇంట్లో ఉంచుకోకండి. లైసెన్సు ఆయన పేరు మీదది. ఆయనతో పాటు అదీ పోయింది. ఆలస్యం చేయకుండా స్టేషన్‌లో గానీ లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు పుస్తకం, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న కాగితం పెట్టి వారసుల్లో ఒకరు తమ పేరు మీద లైసెన్సు అడగొచ్చు. యజమాని బతికుండగానే, 70 ఏళ్ళు నిండాక లేదా 25 ఏళ్ళు తుపాకీ ఉంచుకున్నాక వారసుడికి మార్చమని అడిగే వీలు కూడా 2016 నిబంధనల్లో ఉంది. పెద్దాయన ఉండగా ఈ పని చేసుకుంటే సగం తిరుగుడు తగ్గుతుంది.

మా తాతకి డబుల్ బ్యారెల్ ఉండేది. అడవిపందుల కోసమని తీసుకున్నారు గానీ, నాకు తెలిసి ఆయన దాన్ని కాల్చింది దీపావళికి మాత్రమే. ఒక ఎన్నికలప్పుడు స్టేషన్‌లో పెట్టి, రసీదు తీసుకోలేదు. ఎన్నికలు అయ్యాయి, ఆయనకి జబ్బు చేసింది, పోయారు. నాన్న రెండేళ్ళ తర్వాత వెళ్తే తుపాకుల కుప్ప చూపించి మీదేదో మీరే చెప్పండి అన్నారు. నంబరు ఎవరికీ తెలియదు. మడమ మీద తాత చెక్కించుకున్న పేరులో మొదటి అక్షరం కోసం నాన్న ఒక్కొక్కటే తిప్పి చూశారు. దొరికింది. రెండు గొట్టాల్లోనూ కందిరీగలు మట్టి గూళ్ళు కట్టి ఉన్నాయి. అక్కడే వదులుకుంటున్నట్టు రాసిచ్చి, లైసెన్సు పుస్తకం ఒక్కటి ఇంటికి తెచ్చుకున్నారు. అది ఇప్పుడు నా బీరువాలో ఉంది, ఫోటోలో తాతకి మీసాలు నల్లగా ఉన్నాయి.